మొరవ కాడ దొరికిన చేప ఎవరిది? నాటు చేపలు పట్టడానికీ అమ్మడానికీ ఉన్న చట్టాలు

నవంబర్ వానలు నాలుగు రోజులు గట్టిగా పట్టి చెరువు మొరవ (అలుగు) పోయిందంటే, చిత్తూరు, తిరుపతి పల్లెల్లో జనం ముందు చూసేది నీళ్లను కాదు, నీళ్లలో మెరిసేదాన్ని. రాతికట్టు మీంచి నీళ్లు జారుతుంటాయి, కింద పాయలో పరిగెలు తెల్లగా తళుక్కుమంటూ ఎదురెక్కుతుంటాయి. ఇద్దరు దోమతెర రెండు కొసలూ పట్టుకుని అడ్డంగా నిలబడితే మూడోవాడు పైనుంచి కాళ్లతో నీళ్లు కొడుతూ తరుముకొస్తాడు. తెర పైకెత్తేసరికి గుప్పెడు పరిగెలు, రెండు జెల్లలు, ఒక బొమ్మిడాయి. ఎత్తిన ప్రతి పరిగె కడుపూ గుడ్లతో ఉబ్బి ఉంటుంది. సాయంత్రానికి బకెట్ నిండుతుంది, బకెట్ రోడ్డు మీదికి వస్తే బండి ఆపి కొనేవాళ్లకు కొదవ లేదు. నాటు చేప మరి.

ఇందులో తప్పేముంది అంటారు ఎవరిని అడిగినా. ఎవరూ పిల్ల వేయలేదు, ఎవరూ మేత వేయలేదు, వానతో వచ్చింది, పట్టుకున్నవాడిది. వినడానికి న్యాయంగానే ఉంది కానీ చట్టం అలా ఆలోచించదు. మన దగ్గర చట్టం చేపను చూసి మాట్లాడదు, నీళ్లను చూసి మాట్లాడుతుంది. నువ్వు పట్టింది కొరమీనా, రోహునా అన్నది దానికి పెద్దగా పట్టదు. ఆ నీళ్లు ఎవరివి, ఏ పద్ధతిలో పట్టావు అన్నవి రెండే దాని ప్రశ్నలు. నాటు చేపకు ఎదురవుతున్న కష్టాల్లో చాలా భాగం ఇక్కడే మొదలైంది.

నీళ్ల సంగతే ముందు చూద్దాం. రాజ్యాంగంలో చేపల వ్యవహారం రాష్ట్రాల జాబితాలో 21వ అంశం, అంటే లోతట్టు జలాల మీద మాట రాష్ట్రానిదే. పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన పనుల్లో ఐదోది కూడా చేపల పెంపకమే. అందుకే ఊరి చెరువు చేపల వేలం పంచాయతీ చేతిలో ఉంటుంది, ఆ డబ్బు పంచాయతీ ఖాతాకు పోతుంది. పెద్ద చెరువులు, పిచ్చాటూరు దగ్గర అరణియార్ లాంటి జలాశయాలు మత్స్యశాఖ చూసుకుంటుంది, అక్కడ పట్టే హక్కులో మత్స్యకారుల సహకార సంఘాలకు పెద్దపీట. ఈ సంఘాలు 1964 సహకార చట్టం కింద రిజిస్టరవుతాయి. ఈ హక్కు ఎంత విలువైనదో తెలియాలంటే 217 జీవో గొడవ గుర్తు చేసుకుంటే చాలు. నెల్లూరు జిల్లాలో వంద హెక్టార్లు దాటిన చెరువులను బహిరంగ వేలానికి పెట్టాలని అప్పటి ప్రభుత్వం చూస్తే మత్స్యకారులు రోడ్డెక్కారు, 2022 ఫిబ్రవరిలో నరసాపురం సభలో పవన్ కల్యాణ్ ఆ కాపీలు చించేశారు, 2024లో కొత్త ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. డబ్బున్నవాడు పాట పాడి చెరువు ఎత్తుకుపోతే తరతరాలుగా వల మీద బతికినవాడు కూలివాడవుతాడన్నదే వాళ్ల భయం, అది ఉత్త భయం కాదు.

ఇప్పుడు అసలు చిక్కు. లీజుదారు చెరువులో వేసింది బొచ్చె, రోహు, బంగారుతీగ పిల్లలు. కొరమీను, మట్టగిడస, మార్పు (నాటు క్యాట్‌ఫిష్), వాలుగ వాటంతట అవే వచ్చాయి. 'ఆయన వేసినవి ఆయనవి, వేయనివి ఊరివి' అని ఊళ్లో ఒక మాట నడుస్తుంటుంది, గాలం వేసే పిల్లలు కూడా ఇదే చెబుతారు. చట్టం ముందు ఇది నిలవదు. లీజు అంటే వేసిన పిల్లల మీద హక్కు కాదు, ఆ చెరువులో చేపలు పట్టే హక్కు. వేసినదైనా వచ్చినదైనా కట్ట లోపల ఉన్నంతవరకు లీజుదారు అనుమతి లేకుండా పట్టకూడదు. చుట్టూ కట్ట ఉండి బయటికి పోలేని నీళ్లలో ఉన్న చేప ఆ నీళ్లు ఎవరి స్వాధీనంలో ఉంటే వాళ్ల సొత్తు, కాబట్టి దాన్ని ఎత్తుకుపోతే దొంగతనం కేసు పెట్టొచ్చన్నది కోర్టుల్లో ఎప్పటినుంచో ఉన్న మాట. పారే నదిలో తిరిగే చేప అలా కాదు, పట్టేంతవరకు అది ఎవరి సొత్తూ కాదు. స్వర్ణముఖిలో నీళ్లు వచ్చిన నాలుగు రోజులు విసురు వల వేసేవాడి మీద దొంగతనం కేసు నిలవడం కష్టం. అయితే ఆ నీటి భాగాన్ని ఏ సంఘానికైనా రాసిచ్చి ఉంటే మాత్రం వాళ్ల హక్కుకు అడ్డుపడినట్టే అవుతుంది.

మరి మొరవ దాటి కింది పాయలో పడిన చేప? ఈ తర్కంతో చూస్తే అది లీజుదారు చేతిలోంచి జారిపోయింది. 2021 నవంబర్‌లో వరదలు వచ్చినప్పుడు ఈ వైపు చెరువులు ఒకదాని మీద ఒకటి పొంగాయి, రాయలచెరువు కట్ట లీకై చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. అలాంటి రోజుల్లో పొలాల్లోకి, కాలువల్లోకి కొట్టుకొచ్చిన చేప ఫలానావాడిదని ఎవరూ రుజువు చేయలేరు. సొంత పట్టా భూమిలో బావి, నీటికుంట ఉండి అందులో చేప పడితే ఆ భూమి గలవాడిది. అంతవరకు సులువే.

రెండో ప్రశ్న, ఎలా పట్టావన్నది. దీనికి ఇప్పటికీ ఆధారం 1897 నాటి భారత మత్స్య చట్టం, పట్టుమని పది సెక్షన్లు కూడా లేని చిన్న కాగితం. నాలుగో సెక్షన్ ప్రకారం చేపల కోసం నీళ్లలో డైనమైట్ గానీ మరే పేలుడు పదార్థం గానీ వాడటం నేరం. ఐదో సెక్షన్ విషం, సున్నం, హాని చేసే ఏ పదార్థమైనా చేపలు పట్టడానికో చంపడానికో నీళ్లలో కలపడాన్ని నేరం చేసింది. సున్నం అని పేరు పెట్టి రాశారంటే ఆ రోజుల్లో అది ఎంత మామూలో ఊహించుకోవచ్చు. మన దగ్గర అడవి పల్లెల్లో మంగకాయ దంచి మడుగులో కలపడం పాత అలవాటు, చేపలు మత్తెక్కి తేలుతాయి. ఆకులతో, కాయలతో చేసేదే కదా అనుకుంటారు గానీ చట్టం దృష్టిలో అదీ విషమే. ఇప్పుడు మంగకాయ పోయి బ్లీచింగ్ పౌడర్, పురుగుల మందు వచ్చాయి. వీటిలో పెద్ద చేప ఒక్కటే చావదు, గుడ్డు, పిల్ల, నత్త, కప్ప అన్నీ పోతాయి, ఆ నీళ్లు తాగిన గొడ్డుకూ ప్రమాదమే.

శిక్ష ఎంతనుకున్నారు? మూల చట్టంలో రెండు నెలల వరకు జైలు లేదా రెండు వందల రూపాయల వరకు జరిమానా. 1897లో రెండు వందలంటే మాటలు కాదు, ఇవాళ ఒక కొరమీను కూడా రాదు. ఇందుకే గట్టిగా పట్టించుకోవాలనుకున్న పోలీసులు మిగతా చట్టాల వైపు చూడాలి. పేలుడు పదార్థాలకు 1908 చట్టం ఉంది, నలుగురు వాడే చెరువు నీళ్లను పాడుచేస్తే భారతీయ న్యాయ సంహిత 279వ సెక్షన్ ఉంది, దాంట్లో ఆరు నెలల వరకు జైలు, ఐదు వేల వరకు జరిమానా.

కరెంటుతో పట్టడం గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇది ప్రాణాలు తీస్తోంది. మోటారు పెట్టె దగ్గర్నుంచి వైరు లాగి, కర్రకు కట్టి నీళ్లలో ముంచుతారు. 1897లో ఊళ్లకు కరెంటే లేదు, అందుకే ఆ చట్టంలో ఆ మాటే లేదు. ఆరో సెక్షన్ ఏ పద్ధతిలో, ఏ సాధనంతో పట్టాలో రూల్స్ పెట్టే అధికారం రాష్ట్రానికి ఇచ్చింది కాబట్టి ఆ దారిలో ఆపొచ్చు. లైను మీద కొక్కెం వేసి కరెంటు తీసుకుంటే మాత్రం 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్ ఎలాగూ ఉంది, అది కరెంటు దొంగతనం, మూడేళ్ల వరకు జైలు. ఎవడో పక్క గట్టున కాళ్లు కడుక్కుంటూ చచ్చిపోతే అది చేపల కేసుగా మిగలదు, మనిషి చావు కేసు అవుతుంది. సరదాగా వెళ్లే కుర్రాళ్లకు ఇంట్లోవాళ్లు ఈ ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి.

ఆరో సెక్షన్ దగ్గర ఇంకాసేపు ఆగుదాం, నాటు చేపకు అసలు ఆసరా అక్కడే ఉంది. నీటికి అడ్డంగా పాతి ఉంచే వలలు, మావులు (చేపలు పట్టే బుట్టలు), అడ్డుకట్టలు, వల కన్ను ఎంత ఉండాలి, ఏ నీళ్లలో ఎంతకాలం అసలు చేపలే పట్టకూడదు (రెండేళ్ల వరకు) అన్నవన్నీ ఈ సెక్షన్ కింద రాష్ట్రం నిర్ణయించొచ్చు. ప్రైవేటు నీళ్లలో అయితే ఓనరు, అక్కడ పట్టే హక్కున్నవాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. అంటే మొరవ కాడ దోమతెర అడ్డం పెట్టడాన్ని, గుడ్లతో ఎదురెక్కే చేపను కాపు కాసి పట్టడాన్ని ఆపడానికి కొత్త చట్టం అక్కర్లేదు, అధికారం నూట ఇరవై ఏళ్లకు పైగా కాగితం మీద ఉంది. పెద్ద జలాశయాల్లో చేపలు గుడ్లు పెట్టే కాలానికి నిషేధం ప్రకటిస్తే ఆ రోజుల్లో వల వేయకూడదు, అది తెలిసిందే. ఊరి చెరువు దగ్గరికి వచ్చేసరికి ఎవరూ ఆ ఊసెత్తరు.

కొరమీను సంగతి చూడండి. వానాకాలంలో చెరువు అంచున నాచు, తుంగ ఉన్నచోట నీళ్ల మీద ఎర్రటి రంగు చిన్న ముద్దలా కదులుతుంటుంది. దగ్గరగా చూస్తే అది అగ్గిపుల్ల అంత కూడా లేని పిల్లల గుంపు, ఒక్కసారిగా పైకి వచ్చి గాలి పీల్చి మళ్లీ కిందికి పోతుంటాయి. వాటి కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. గాలం తెలిసినవాడు సరిగ్గా ఆ ఎర్రముద్ద మీద కప్పను ఎరగా గుచ్చి వేస్తాడు. ఆకలితో కాదు, పిల్లల జోలికి వచ్చారని పెద్దది ఎగబడి కరుస్తుంది. పెద్దది పైకొచ్చాక ఆ పిల్లల్ని జిలేబీ చేపలు (తిలాపియా), మిగతా చేపలు గంటలో తినేస్తాయి. ఒక్క చేప పట్టానని ఇంటికెళ్లినవాడు వందల చేపలు లేకుండా చేశాడని వాడికే తెలియదు. తెలంగాణ కొరమీనును 2016లో తమ రాష్ట్ర చేపగా ప్రకటించుకుంది. దానికి అంత గౌరవం ఉన్నా, ఊరి చెరువులో పిల్లల మీద కాపలా ఉన్న కొరమీనును పట్టాడని ఒకడి మీద కేసు పెట్టడం ఎక్కడా కనబడదు.

దీనికి తోడు లీజు లెక్క. చాలాచోట్ల చెరువు లీజు ఫసలీ ప్రకారం నడుస్తుంది, జూలై నుంచి జూన్ దాకా. గడువు అయిపోతోందంటే లీజుదారు ఏం చేస్తాడు? మే నెలలో మిగిలిన మడుగుకు ఇంజిను పెట్టి నీళ్లు తోడి, ఆఖరి చేప దాకా ఏరుకుంటాడు. ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు, వచ్చే ఏడాది చెరువు తనదో కాదో తెలియనివాడు ఎవడికోసం వదిలిపెడతాడు? కానీ ఆ ఆఖరి మడుగు, దాని అడుగు బురదే నాటు చేపకు విత్తనం. కొరమీను, మార్పు, మట్టగిడస ఎండాకాలం గడిపేది అక్కడే, వాన పడగానే బయల్దేరేది అక్కడినుంచే. బొచ్చెకు, రోహుకు ఆ బాధ లేదు, హేచరీ నుంచి లారీలో మళ్లీ పిల్ల వస్తుంది. నాటు చేపకు హేచరీ ఆ బురదే. పైగా పెంపకం కోసం రాసిన పుస్తకాల్లో పిల్ల వేసేముందు కొరమీను, జెల్లలాంటి 'అక్కర్లేని చేపల్ని' ఇప్పచెక్కతో చంపి చెరువు శుభ్రం చేయమని ఉంటుంది. సొంత చేపల గుంటలో అయితే ఆ సలహా అర్థమవుతుంది. ఊరి చెరువులో అదే చేస్తే, ఐదో సెక్షన్ వద్దన్న పనిని మనమే పద్ధతి పేరుతో చేస్తున్నట్టు. ఆ సెక్షన్‌ను ఫలానా ప్రాంతంలో నిలిపివేసే అధికారం రాష్ట్రానికి ఉంది, అయితే దానికి గెజిట్ ప్రకటన కావాలి. లీజుదారు ఇష్టప్రకారం కుదిరేది కాదు.

అడవిలోకి అడుగుపెడితే ఆటంతా మారిపోతుంది. శేషాచలంలో శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్క్ లోపల, పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం లోపల వాగులో చేప పట్టడం కూడా 1972 వన్యప్రాణి చట్టం పరిధిలోకి వస్తుంది, మిగతా రిజర్వ్ ఫారెస్టుకు 1967 అటవీ చట్టం ఉంది. అక్కడ లీజు, సంఘం, పంచాయతీ ఏవీ పనికిరావు. తలకోనకు పిక్నిక్ వెళ్లి మడుగులో గాలం వేద్దామనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

పులికాట్‌లో ఈ రెండు లోకాలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. తడ, సూళ్లూరుపేట వైపు బతుకంతా ఆ సరస్సు మీదే, అదే సరస్సు 1976 నుంచి పక్షుల అభయారణ్యం కూడా. తరాలుగా చేపలు, రొయ్యలు, పీతలు పట్టుకుంటున్నవాళ్లు ఒక పక్క, అభయారణ్యం నిబంధనలు ఇంకో పక్క, తమిళనాడు పడవలతో హద్దుల తగాదా మరో పక్క. రాయదొరువు దగ్గర ముఖద్వారం పూడిపోయి సముద్రపు నీళ్లు లోపలికి రావడం తగ్గిపోతే చట్టం ఎవరికి హక్కిచ్చినా పట్టడానికి చేపే ఉండదు, అక్కడి మత్స్యకారులు ఏళ్లుగా మొత్తుకుంటున్నది అదే. ఇక సముద్రంలోకి వెళితే 1994 నాటి రాష్ట్ర చట్టం, ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం, ఆ కాలానికి భృతి (2025లో దాన్ని ఇరవై వేలకు పెంచారు). సముద్రం చేప గుడ్లు పెట్టుకోవడానికి రెండు నెలలు వదిలేయాలని అందరూ ఒప్పుకున్నారు. చెరువు చేపకు ఆ రెండు నెలల మాట ఇంకా ఎవరూ అనలేదు.

వలలో చేపతోపాటు ఇంకొకటి పడుతుంది, తాబేలు. మెత్తటి చిప్ప ఉండే చెరువు తాబేలును కొన్నిచోట్ల చేపల గంపలోనే పెట్టి గుట్టుగా అమ్ముతారు. ఇది వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉంది, పులి ఉన్న జాబితా అది. పట్టినా అమ్మినా కొన్నా మూడేళ్లకు తగ్గని జైలు, ఏడేళ్ల దాకా పోవచ్చు, పైన పాతిక వేలకు తగ్గని జరిమానా. వలలో పడితే వెంటనే నీళ్లలో వదిలేయాలి, 'ఎవరు చూస్తారులే' అనుకున్న కూలీవాడి బతుకు కోర్టుల చుట్టూ తిరగడంతో సరిపోతుంది.

అమ్మకం దగ్గరికొస్తే విషయం తేలికే, అయినా ఎక్కువమంది పట్టించుకోరు. రోడ్డు పక్కన తట్ట పెట్టుకున్నవాళ్లు కూడా 2006 ఆహార భద్రత చట్టం కింద ఆహార వ్యాపారులే. చిన్నవాళ్లకు లైసెన్సు అక్కర్లేదు, పేరు రిజిస్టర్ చేసుకుంటే చాలు, ఆన్‌లైన్లో అయిపోతుంది. పెద్ద షాపు, హోల్‌సేల్ అయితే లైసెన్సు. పట్నంలో కూర్చునే చోటు మునిసిపాలిటీ ఒప్పుకున్నదై ఉండాలి, వీధి వ్యాపారులను ఇష్టమొచ్చినట్టు తరిమేయకుండా 2014 చట్టం కొంత అండగా ఉంది. కాటాకు తూనికల శాఖ ముద్ర ఉండాలి. తాజా చేప మీద జీఎస్టీ లేదు.

ఫార్మలిన్ ఏ రూపంలోనూ చేపకు వాడకూడదు. 2018లో ఆ అనుమానంతోనే అస్సాం మన రాష్ట్రం చేపల్ని కొన్నాళ్లు ఆపేసింది, ఎవరో కొందరు చేసిన పనికి అందరి సరుకూ లారీల్లో నిలబడిపోయింది. కొనేవాళ్లు నాటు కొరమీను టబ్బులో బతికి ఉంటేనే కొంటామంటారు, ఆ పట్టింపు మంచిదే. కానీ బతికి ఉన్నదల్లా నాటుది కాదు. గుంటల్లో మేతతో పెంచిన వియత్నాం రకాన్ని 'చెరువు కొరమీను' అని అమ్మడం, ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ను మార్పు అని అంటగట్టడం మామూలైపోయింది. మొదటిదాన్ని పేరు మార్చి అమ్మడం 2019 వినియోగదారుల చట్టం కింద మోసం. రెండోది అసలు పెంచకూడదు, అమ్మకూడదు. కేంద్రం ఎప్పుడో వద్దంది, జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో మళ్లీ చెప్పింది. కోళ్ల వ్యర్థాలు తిని పెరిగే ఆ చేప తప్పించుకుని చెరువులో పడితే మన మార్పును, పరిగెను ఊడ్చిపెట్టేస్తుంది. చూసి పోల్చుకోవడం మొదట్లో కష్టమే గానీ మన మార్పు చిన్నది, జానెడు మూరెడు మధ్య ఉంటుంది. నాలుగైదు కిలోల మార్పు అని ఎవరైనా చూపిస్తే అది మార్పు కాదు.

వీటిలో ఊరి చేతిలో ఉన్నది ఒకటుంది. చెరువు వేలానికి ముందు పంచాయతీ నోటీసు ఇస్తుంది, దాంట్లో షరతులుంటాయి, ఎంత డిపాజిట్, ఎన్ని వాయిదాలు, సాగునీటికి అడ్డు రాకూడదు వగైరా. ఆఖరి మడుగు తోడి ఆరబెట్టకూడదని, మొరవ పారే రోజుల్లో దాని దగ్గర వల గానీ తెర గానీ వేయకూడదని, ఇప్పచెక్క వాడకూడదని మూడు వాక్యాలు అందులో చేరిస్తే లీజు ఒప్పందంలో భాగమవుతాయి, తప్పితే లీజు రద్దు చేయొచ్చు. దీనికి అమరావతి నుంచి జీవో రానక్కర్లేదు. పాట ఒకటి రెండు వేలు తగ్గొచ్చు, అంతే. కొత్త ఫసలీకి నోటీసు గోడకెక్కాక చేసేదేమీ ఉండదు, గ్రామసభలో ఈ మాట అంతకుముందే పడాలి.